ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు ఇష్యూ ట్రాకర్: ఎంపిక నుంచి వలస దాకా

ప్రాజెక్టు మొదలైన కొత్తలో బగ్గులు తలో చోట పడి ఉంటాయి. టెలిగ్రామ్ గ్రూపులో ఒకటి, మెయిల్లో రెండు, రీడ్‌మీ ఫైలు చివర "తర్వాత చూడాలి" అన్న జాబితాలో నాలుగు. ఇద్దరు ముగ్గురు కలిసి రాస్తున్నంతకాలం దీంతో ఇబ్బంది ఉండదు. కొత్తగా చేరినవాళ్ళు కోడ్‌లో ఒక వరుస చూపించి "ఈ షరతు ఎందుకు పెట్టారు?" అని అడిగిన రోజున జవాబు ఎక్కడా దొరకదు. కోడ్ ఎప్పుడు ఎలా మారిందో, మార్పుల చరిత్ర దాచే గిట్ చెబుతుంది. ఎందుకు మారిందో చెప్పాల్సింది ఇష్యూ ట్రాకరే, అంటే బగ్గులనూ వాటిమీద చర్చనూ ఒకచోట నమోదు చేసే వ్యవస్థ.

చాలా బృందాలు ఫీచర్ల పట్టిక ముందేసుకుని ఎంపిక మొదలుపెడతాయి. ఆ పట్టికలో దాదాపు అన్నిటికీ టిక్కులే పడతాయి, ఏదీ తేలదు. నిజంగా తేల్చేవి రెండు ప్రశ్నలు. బగ్ చెప్పడానికి వచ్చిన కొత్త మనిషికి మొదటి ఐదు నిమిషాలు ఎలా గడుస్తాయి? రేపు ఈ చోటు వదిలి వెళ్ళాల్సి వస్తే మూటా ముల్లె సర్దుకుని పోగలమా? కింది అడుగులన్నీ ఈ రెండింటి చుట్టూనే తిరుగుతాయి.

మొదటి అడుగు: బగ్గులు ఎవరు చెబుతున్నారో లెక్క తియ్యండి

గత మూడు నెలల్లో వచ్చిన ఫిర్యాదులన్నీ ఒక స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించండి. చాట్‌లో వచ్చినవీ వదలొద్దు. ఒక్కోదానికి నాలుగు గడులు చాలు: చెప్పింది కోడ్ రాసేవాళ్ళా వాడేవాళ్ళా, ఎక్కడ చెప్పారు, తిరిగి వివరాలు అడగాల్సి వచ్చిందా, చివరికి ఏమైంది. ఒక సాయంత్రంలో అయిపోయే పని ఇది. మిగతా అడుగుల్లో సగం వాదనలు ఈ షీటు చూస్తేనే ఆగిపోతాయి.

మీది పైథాన్ లైబ్రరీయో కమాండ్ లైన్ పనిముట్టో అయితే ఫిర్యాదు చేసేవాళ్ళలో ఎక్కువమందికి గిట్‌హబ్ (కోడ్ పెట్టుకునే సైటు) ఖాతా ఉంటుంది. కోడ్ ఉన్నచోటే ఇష్యూలు పెట్టుకుంటే సరిపోతుంది. తెలుగు ఫాంటో, కీబోర్డో, స్పెల్ చెకరో అయితే లెక్క వేరు. వాడేది డీటీపీ చేసేవాళ్ళు, పత్రికల వాళ్ళు, టీచర్లు. "ముందు ఖాతా తెరవండి, మెయిల్ నిర్ధారించండి, ఇంగ్లిష్‌లో ఫారం నింపండి" అంటే వాళ్ళు అక్కడితో వదిలేసి ఫాంటు మార్చుకుంటారు. బగ్ అలాగే ఉంటుంది, అది ఉందని మీకు తెలియను కూడా తెలియదు.

ఖాతా అనే ఈ గడపను వికీమీడియా బాగా తగ్గించింది. 2014లో బగ్‌జిల్లా అనే ట్రాకర్ నుంచి ఫ్యాబ్రికేటర్ అనే మరోదానికి మారినప్పుడు వికీ ఖాతాతోనే లాగిన్ అయ్యే ఏర్పాటు చేశారు. తెలుగు వికీపీడియాలో ఏదైనా సెట్టింగు మార్పించాలంటే సభ్యులు రచ్చబండలో (అక్కడి ఉమ్మడి చర్చా పేజీలో) చర్చించి, ఆ చర్చ లింకుతో ఫ్యాబ్రికేటర్‌లో టాస్కు వేస్తారు. దానికి వేరే ఖాతా, వేరే పాస్‌వర్డ్ అక్కర్లేదు. మీ వాడుకరులకు ఇప్పటికే ఏ ఖాతా ఉంది అనేది అందుకే మొదటి ప్రశ్న కావాలి.

అదే షీటులో రెండో లెక్క కూడా చూడండి: వచ్చినవాటిని విడదీసేది ఎవరు? ఒక రిపోర్టు చదివి, పాతదేమో వెతికి, లేబుల్ వేసి, జవాబివ్వడానికి సుమారు పది నిమిషాలు వేసుకోండి. నెలకు 40 వస్తే దాదాపు ఏడు గంటలు. ఆ ఏడు గంటలు ఎవరివో పేరు రాసుకోలేకపోతే ఏ ట్రాకర్ పెట్టినా మూడో నెలకే చెత్తకుప్ప అవుతుంది. నెలకు 20 కన్నా తక్కువ వస్తుంటే విడి ట్రాకర్ ఆలోచన పక్కన పెట్టండి. కోడ్ ఉన్నచోట దొరికేదే వాడండి.

ట్రాకరే లేకుండా నడిచే పెద్ద ప్రాజెక్టులూ ఉన్నాయి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు ఈనాటికీ అధికారిక బగ్ ట్రాకర్ లేదు. బగ్గులు మెయిలింగ్ లిస్టుకు వెళ్తాయి, ప్యాచ్‌లు (ప్రతిపాదించిన కోడ్ మార్పులు) కమిట్‌ఫెస్ట్ అనే పట్టికలో ఉంటాయి. దశాబ్దాల అలవాటున్న సమూహం కాబట్టి వాళ్ళకు సాగుతోంది. కొత్త ప్రాజెక్టు దాన్ని చూసి వాత పెట్టుకోకూడదు.

రెండో అడుగు: తప్పనిసరి షరతులు రాసుకోండి

కింది వాటిలో ఒక్కటి లేకున్నా ఆ వ్యవస్థను జాబితా నుంచి కొట్టెయ్యండి.

లాగిన్ లేకుండా ఎవరైనా చదవగలగాలి, సెర్చ్ ఇంజన్లకు కనిపించాలి. ఎర్రర్ సందేశం గూగుల్లో కొట్టిన మనిషికి మీ ఇష్యూ దొరికితే ఒక డూప్లికేట్ తగ్గినట్టే. చాట్ గ్రూపులు ఇక్కడే ఓడిపోతాయి. అందులో చెప్పినది బయటివాళ్ళకు కనిపించదు, ఆర్నెల్ల తర్వాత లోపలివాళ్ళకూ దొరకదు.

ఒక్కో ఇష్యూకి శాశ్వతమైన నంబరు, శాశ్వతమైన లింకు ఉండాలి. కమిట్ సందేశాల్లో (గిట్‌లో ఒక్కో మార్పుకు రాసే వివరణల్లో), విడుదల నోట్సులో, ఇతర ప్రాజెక్టుల ట్రాకర్లలో ఆ లింకులే ఉంటాయి. అవి తెగితే మీరు బాగుచేయగలిగేది మీ చేతిలో ఉన్న సగమే.

మూసేసినవీ, వ్యాఖ్యలూ, అటాచ్‌మెంట్లూ అన్నీ బయటికి తీసుకునే దారి ఉండాలి. "ఎక్స్‌పోర్ట్ ఉంది" అన్న మాట నమ్మొద్దు. సీఎస్‌వీ (పట్టిక ఫైలు) ఎక్స్‌పోర్ట్‌లో చాలాచోట్ల వ్యాఖ్యలు రావు, శీర్షికలే వస్తాయి.

భద్రతా లోపాలు బయటపడకుండా చెప్పే దారి ఉండాలి. మెయిల్లో వచ్చిన నోటిఫికేషన్‌కు మెయిల్లోనే జవాబిస్తే అది ఇష్యూలో చేరాలి. ఒకేసారి యాభై ఇష్యూలకు లేబుల్ మార్చగలగాలి. ఈ చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఒక విడుదల వాయిదా పడిన రోజున దాని విలువ తెలుస్తుంది.

మూడో అడుగు: మూడుకు మించకుండా జాబితా కట్టండి

అందుబాటులో ఉన్నవి మూడు కుటుంబాలు.

మొదటిది, కోడ్‌తో పాటే వచ్చేవి. గిట్‌హబ్ ఇష్యూస్‌కు ఉన్న పెద్ద బలం జనం అక్కడ ఉండటం. పైథాన్ 2022 ఏప్రిల్‌లో రౌండప్ అనే ట్రాకర్ నుంచి, కంపైలర్ ప్రాజెక్టు ఎల్‌ఎల్‌వీఎం 2021 చివర్లో బగ్‌జిల్లా నుంచి అక్కడికే వచ్చాయి. బలహీనతలూ తెలుసుకోవాలి. గిట్‌హబ్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్ కాదు. మామూలు ఇష్యూను రహస్యంగా ఉంచే వీలు లేదు. 2019లో అమెరికా ఆంక్షల వల్ల ఇరాన్, సిరియా, క్రిమియాల్లోని డెవలపర్ల ఖాతాలకు ఆటంకాలు వచ్చాయి. మీ సహకారులు ఏ దేశాల్లో ఉన్నారో ఒకసారి చూసుకోండి.

గిట్‌హబ్ లాంటిదే అయిన గిట్‌ల్యాబ్‌ను సొంత సర్వర్‌లో పెట్టుకోవచ్చు. లినక్స్ డెస్క్‌టాప్ ప్రాజెక్టు గ్నోమ్ 2018లో బగ్‌జిల్లా వదిలి దానికే వెళ్ళింది. ఒక్కో ఇష్యూను కాన్ఫిడెన్షియల్‌గా గుర్తుపెట్టే సౌకర్యం ఇందులో ఉంది. సర్వీస్ డెస్క్ అనే ఏర్పాటూ ఉంది: ఒక చిరునామాకు మెయిల్ పంపితే ఇష్యూ తెరుచుకుంటుంది, పంపినవాళ్ళకు ఖాతా అక్కర్లేదు. ఫాంటు లాంటి ప్రాజెక్టులకు ఇది చాలా పనికొస్తుంది.

ఫోర్జిజో కూడా అలాంటిదే, తేలికైనది. 2022 చివర్లో గిటీ అనే ప్రాజెక్టు నుంచి విడివడింది. బెర్లిన్‌లోని లాభాపేక్ష లేని సంఘం నడిపే కోడ్‌బర్గ్ దీనిమీదే నడుస్తుంది, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు ఉచితం. గిట్‌హబ్ నుంచి ఇష్యూలు, లేబుళ్ళు, వ్యాఖ్యలు నేరుగా దిగుమతి చేసుకునే పరికరం ఇందులోనే ఉంటుంది. జనం తక్కువ, కొత్త ఖాతా అవసరం, ఇవే దీని లోటు. గిట్‌హబ్ మీద ఆధారపడటం ఇష్టంలేని చిన్న ప్రాజెక్టుకు మేము మొదట సూచించేది ఇదే.

రెండోది, విడిగా నిలబడేవి. 1998లో మొజిల్లాతో పుట్టిన బగ్‌జిల్లా ఇంకా బతికే ఉంది. మొజిల్లా, లిబ్రేఆఫీస్, జీసీసీ కంపైలర్ దాన్నే వాడుతున్నాయి. ఒక బగ్ మరోదాన్ని ఆపుతోందని చూపే గొలుసులు, లోతైన వెతుకులాట, కాంపొనెంట్ వారీగా బాధ్యులు, వీటిలో కోడ్‌తో వచ్చే ట్రాకర్లేవీ దానికి సాటి రావు. వేల బగ్గులు, ఇరవై ముప్పై కాంపొనెంట్లు ఉంటే అది సరైన ఎంపిక. చిన్న ప్రాజెక్టుకు మాత్రం ఆ ఫారమే భయపెడుతుంది. రూబీ భాష రెడ్‌మైన్ అనే ట్రాకర్ వాడుతుంది, పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగో ట్రాక్ అనేది వాడుతుంది. జాంగో కోడ్ గిట్‌హబ్‌లో, టికెట్లు ట్రాక్‌లో ఉన్నాయి. మరో డెస్క్‌టాప్ ప్రాజెక్టు కేడీఈ కూడా 2020లో కోడ్‌ను గిట్‌ల్యాబ్‌కు మార్చి, వాడుకరుల బగ్గులను బగ్‌జిల్లాలోనే ఉంచింది. కోడ్, బగ్గులు ఒకేచోట ఉండి తీరాలన్న నియమం లేదు. రెండు చోట్ల ఉంటే ఏ చర్చ ఎక్కడ జరగాలో రాతపూర్వకంగా ఉండాలి, అంతే.

మూడోది, మెయిల్ మీద నడిచేవి. లినక్స్ పంపిణీ డెబియన్ ట్రాకర్‌లో బగ్ తెరవడం, తీవ్రత మార్చడం, మూయడం అన్నీ మెయిల్‌తోనే. ఖాతా అనేదే లేదు. సోర్స్‌హట్ ట్రాకర్ కూడా మెయిల్‌తో టికెట్ తీసుకుంటుంది. సిస్టమ్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళకు ఇది హాయి, మామూలు వాడుకరులకు కొత్త.

కంపెనీల్లో ఎక్కువగా వాడే ట్రాకర్ జిరా గురించి ఒక్క మాట. అపాచీ ఫౌండేషన్ ప్రాజెక్టులు చాలా వాడాయి, కొన్ని వదిలాయి. వాటిలో ఒకటైన సెర్చ్ లైబ్రరీ లూసీన్ 2022లో గిట్‌హబ్‌కు వెళ్ళింది. కొత్తగా మొదలుపెట్టే స్వచ్ఛంద ప్రాజెక్టుకు జిరా బరువే ఎక్కువ. ఫ్యాబ్రికేటర్‌ను తయారుచేసిన సంస్థ 2021లో నిర్వహణ ఆపేసింది, ఇప్పుడు ఫోర్జ్ అనే సామూహిక కొనసాగింపు నడుస్తోంది. ఏదైనా జాబితాలో పెట్టేముందు దాని చివరి విడుదల ఎప్పుడో, గత ఏడాదిలో ఎంతమంది కమిట్ చేశారో చూడండి. ఒక్కరే ఉంటే ఆగి ఆలోచించండి.

నాలుగో అడుగు: సొంత సర్వరా, పరాయి గూడా?

సొంతంగా నడపడమంటే ఇన్‌స్టాల్ చేయడం ఒక మధ్యాహ్నం పని, నిలబెట్టడం ఏళ్ళ పని. ఫోర్జిజో చిన్న బృందానికి 1 జీబీ ర్యామ్, రెండు కోర్ల సర్వర్ మీద నడుస్తుంది. గిట్‌ల్యాబ్‌కు 8 జీబీ కన్నా తక్కువ వేసుకోవద్దు. తక్కువలో లేచి నిలబడుతుంది గానీ నలుగురు ఒకేసారి తెరిస్తే పేజీలు నీలుగుతాయి. బగ్‌జిల్లాకు పెర్ల్ మాడ్యూళ్ళు, డేటాబేస్ చూసుకోగల మనిషి కావాలి.

ర్యామ్ కన్నా ఎక్కువ ఏడిపించేవి మెయిలూ స్పామూ. మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని నిరూపించే ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు సరిగా లేకపోతే సర్వర్ నుంచి పోయే నోటిఫికేషన్లు జీమెయిల్ స్పామ్ ఫోల్డర్‌లో పడతాయి. మీరు జవాబివ్వలేదని రిపోర్టు చేసినవాళ్ళు అనుకుంటారు, వాళ్ళు పట్టించుకోలేదని మీరు అనుకుంటారు. ఇక బహిరంగంగా ఖాతాలు తెరవనిస్తే కొన్ని వారాల్లోనే ప్రకటనల బాట్లు దిగుతాయి. అపాచీ అంత పెద్ద సంస్థే స్పామ్ తట్టుకోలేక 2022లో తన జిరాలో ఎవరికి వాళ్ళు ఖాతా తెరుచుకునే వీలు ఆపేసింది. కొత్త ఖాతాల మొదటి రెండు మూడు పోస్టులు అనుమతి తర్వాతే కనిపించేలా పెట్టడం, ప్రొఫైల్‌లో లింకులు ఆపడం ముందురోజే చెయ్యండి.

సర్వర్ పాస్‌వర్డ్, డొమైన్ ఖాతా కనీసం ఇద్దరి చేతిలో ఉండాలి. డొమైన్ ఎవరి పేరున ఉందో రాసిపెట్టండి. ఆ ఇద్దరు దొరకకపోతే సొంత సర్వర్ ఆలోచన మానుకోవడమే క్షేమం.

ఐదో అడుగు: రెండు వారాల పరీక్ష

జాబితాలోని రెండు మూడింటిలో ఖాళీ ప్రాజెక్టు తెరిచి, మొదటి అడుగు షీటు నుంచి 30 నిజమైన బగ్గులు ఎక్కించండి. కల్పించిన "టెస్ట్ 1", "టెస్ట్ 2" వద్దు, వాటిలో ఏ ఇబ్బందీ బయటపడదు.

ఒక బగ్‌ను దగ్గరగా చూద్దాం. తెలుగు ఫాంటు ప్రాజెక్టుకు ఇలా వస్తుంది: "రాష్ట్రం అని కొడితే వత్తులు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి." దీంతో ఏమీ చెయ్యలేరు. ష కింద ట వత్తు, ర వత్తు ఎక్కడ కూర్చోవాలో నిర్ణయించేది ఫాంటు ఒక్కటే కాదు, అక్షరాలను పేర్చే ఇంజన్ కూడా. లిబ్రేఆఫీస్ హార్ఫ్‌బజ్ వాడుతుంది, మ్యాక్ అప్లికేషన్లు ఎక్కువగా కోర్‌టెక్స్ట్ వాడతాయి, విండోస్‌లో చాలావాటికి డైరెక్ట్‌రైట్ ఉంటుంది. కాబట్టి ఫారంలో ఐదు అడగాలి: ఫాంటు వెర్షన్, ఏ అప్లికేషన్ ఎన్నో వెర్షన్, ఏ ఆపరేటింగ్ సిస్టమ్, ఆ పదం కాపీ చేసి అతికించినది, స్క్రీన్‌షాట్. నాలుగోది తప్పనిసరి. బొమ్మలో ఒకేలా కనిపించే పదం లోపల వేరుగా ఉండవచ్చు. ఈ ఐదు గడుల ఫారం తయారుచేసి, కోడ్ రాయని ఒక వాడుకరి చేతికి ఫోన్ ఇచ్చి నింపమనండి. పక్కన కూర్చోండి, సాయం చేయొద్దు, గడియారం చూడండి. ఐదు నిమిషాల్లో పంపలేకపోతే తప్పు ఫారంది.

తెలుగులో రిపోర్టులు తీసుకునే ప్రాజెక్టయితే మరో మూడు పరీక్షలు చెయ్యాలి.

వెతుకులాట: "సాఫ్ట్‌వేర్" అన్న పదంలో ట్ తర్వాత అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు ఉంటుంది. అది లేకుండా కొడితే వ వత్తుగా మారి "సాఫ్ట్వేర్" అవుతుంది. ఒకరు ఒకలా, మరొకరు ఇంకోలా రాస్తారు. ఒకటి వెతికితే రెండోది దొరుకుతుందా? చాలాచోట్ల దొరకదు. అప్పుడు శీర్షికలో ముఖ్యమైన పదం రెండు రకాలుగానూ ఉంచమని విడదీసేవాళ్ళకు చెప్పాలి. లేదంటే డూప్లికేట్లు పెరుగుతూనే ఉంటాయి.

నిడివి: అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్ 8 పద్ధతిలో తెలుగు కోడ్ పాయింటు (అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు వేటికవే ఒక్కోటి) ఒక్కోదానికి 3 బైట్లు. శీర్షిక పరిమితి 255 బైట్లుగా పెట్టిన వ్యవస్థలో మీకు దక్కేది 85 కోడ్ పాయింట్లే. గుణింతాలు, వత్తులు, పొల్లులు కలుపుకుంటే అది పది పన్నెండు పదాలు దాటితే గొప్ప. పరిమితి అక్షరాల్లోనా బైట్లలోనా అన్నది పొడుగు శీర్షిక పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

డేటాబేస్: పాత మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ అమరికలో యూటీఎఫ్ 8 అని పేరున్నదానికి అక్షరానికి 3 బైట్లే చోటు. తెలుగు చక్కగా పడుతుంది కాబట్టి అంతా బాగుందనుకుంటారు. ఎవరో 4 బైట్ల ఎమోజీ పెట్టిన రోజున ఎర్రర్ వస్తుంది, లేదా అక్కడినుంచి మిగతా వ్యాఖ్య అంతా మాయమవుతుంది. సొంతంగా నడిపితే యూటీఎఫ్ 8 ఎంబీ 4 ఉందో లేదో మొదటి రోజే చూసుకోండి. వాడుకలోకి వచ్చాక మార్చడం నరకం.

రెండు వారాల తర్వాత ఓటింగు పెట్టకండి. విడదీసే పని చేయబోయే మనిషి ఏది కోరుకుంటే అదే. రోజూ వాడేది వాళ్ళే.

ఆరో అడుగు: లేబుళ్ళు, స్థితులు తక్కువగా పెట్టండి

గిట్‌హబ్‌లో కొత్త రిపోకు (ఒక ప్రాజెక్టు కోడ్ ఉండే చోటుకు) తొమ్మిది లేబుళ్ళు వాటంతటవే వస్తాయి. మొదటి ఆరునెలలు పది పన్నెండు దాటొద్దు. మూడు ప్రశ్నలకు జవాబిస్తే చాలు: ఇది ఏ రకం, ఏ భాగం, ఇప్పుడు ఎవరి వంతు. మూడోదాన్ని అందరూ మర్చిపోతారు. "చెప్పినవాళ్ళ జవాబు కోసం", "మెయింటైనర్ (ప్రాజెక్టు నిర్వాహకుల) నిర్ణయం కోసం" అన్న రెండు లేబుళ్ళు ఉంటే కుప్పలో సగం దానంతటదే విడిపోతుంది.

స్థితుల విషయంలో జాంగో పద్ధతి నుంచి నేర్చుకోవచ్చు. అక్కడ టికెట్ ముందు "ఇంకా చూడలేదు" దశలో ఉంటుంది, ఎవరైనా పరిశీలించి నిజమేనని తేల్చాక "అంగీకరించాం"కు మారుతుంది, ప్యాచ్ సమీక్ష అయ్యాక "చేర్చడానికి సిద్ధం" అవుతుంది. చూడనిదీ, చూసి ఒప్పుకున్నదీ వేరుగా కనబడటమే ఇందులో కీలకం. అది లేని ట్రాకర్‌లో 600 తెరిచిన ఇష్యూలు ఉంటే అందులో ఎన్ని నిజమైన బగ్గులో ఎవరికీ తెలియదు.

ప్రాధాన్యాన్నీ తీవ్రతనూ కలపొద్దు. డేటా పోగొట్టే బగ్ తీవ్రమైనదే, కానీ అది పదేళ్ళ క్రితం వెర్షన్‌లో మాత్రమే వస్తే ప్రాధాన్యం తక్కువ. తీవ్రత రిపోర్టు చేసినవాళ్ళు చెప్పొచ్చు, ప్రాధాన్యం మాత్రం బృందమే వెయ్యాలి. ఫారంలో ప్రాధాన్యం గడి బయటివాళ్ళకు ఇస్తే అన్నీ "అత్యవసరం" అనే వస్తాయి.

కదలిక లేని ఇష్యూలను మూసే బాట్‌లతో జాగ్రత్త. గిట్‌హబ్‌లో ఎక్కువమంది వాడే స్టేల్ బాట్ ఏమీ మార్చకపోతే 60 రోజులకు హెచ్చరించి, మరో 7 రోజులకు మూసేస్తుంది. రెండు గంటలు కూర్చుని బగ్ మళ్ళీ మళ్ళీ తెప్పించి, వివరాలన్నీ రాసిన మనిషికి మనిషి నుంచి ఒక్క జవాబూ రాకుండా బాట్ వచ్చి మూసేస్తే, ఆ మనిషి మళ్ళీ రాడు. బాట్ పెట్టాల్సి వస్తే "చెప్పినవాళ్ళ జవాబు కోసం" లేబుల్ ఉన్నవాటికే పరిమితం చెయ్యండి.

ఏడో అడుగు: భద్రతా లోపాలకు వేరే దారి

గిట్‌హబ్‌లో ప్రైవేట్ వల్నరబిలిటీ రిపోర్టింగ్ సెట్టింగుల్లో ఆన్ చెయ్యాలి, అది దానంతటది ఉండదు. గిట్‌ల్యాబ్‌లో కాన్ఫిడెన్షియల్ ఇష్యూ ఉంది. మిగతాచోట్ల ఇద్దరు ముగ్గురికి చేరే మెయిల్ చిరునామా ఒకటి పెట్టి, దాన్ని రీడ్‌మీలోనూ ఇష్యూ ఫారం మొదట్లోనూ రాయండి. ఇది లేకపోతే మంచి ఉద్దేశంతోనే ఎవరో లోపాన్ని బహిరంగ ఇష్యూలో పెడతారు. దాన్ని తొలగించినా అప్పటికే నోటిఫికేషన్ మెయిళ్ళలో వెళ్ళిపోయి ఉంటుంది.

రహస్య బగ్గులు చూడగల ఖాతాలన్నిటికీ రెండంచెల లాగిన్ తప్పనిసరి చెయ్యండి. 2015లో మొజిల్లా బగ్‌జిల్లాలో ప్రత్యేక అనుమతులున్న ఒక ఖాతా పాస్‌వర్డ్ వేరే సైట్‌లోనూ వాడినది కావడంతో దొంగ చేతికి చిక్కింది. ఇంకా బయటపెట్టని భద్రతా బగ్గులు దాంతో లీకయ్యాయి.

ఎనిమిదో అడుగు: పాత ట్రాకర్ నుంచి వలస

ఎక్కువ ప్రాజెక్టులు దెబ్బతినేది ఇక్కడే. పైథాన్‌లో మార్పు ప్రతిపాదన 2018లో వచ్చింది, వలస పూర్తయ్యేసరికి 2022. ఆ సమయం తాత్సారం వల్ల పోలేదు, కింది చిక్కులన్నీ విప్పడానికి పట్టింది.

నంబర్లు: గిట్‌హబ్‌లో ఇష్యూలకూ, కోడ్ మార్పు చేర్చమని పంపే పుల్ రిక్వెస్టులకూ ఒకటే వరుస. పుల్ రిక్వెస్టులు ఇప్పటికే ఉన్న రిపోలోకి తెస్తే పాత బగ్ 1200 అదే నంబరుతో రావడం కుదరదు. పాత నంబరుకు కొత్త నంబరేదో చెప్పే పట్టిక తయారుచేసి, పాత డొమైన్ నుంచి మళ్ళింపు పెట్టాలి. ఎల్‌ఎల్‌వీఎం తన సొంత డొమైన్‌లోని పొట్టి బగ్ లింకులను అలాగే కాపాడుకుంది. పైథాన్ పాత ట్రాకర్‌ను చదవడానికి మాత్రమే ఉంచి, ఒక్కో బగ్ నుంచి కొత్త ఇష్యూకు లింకు పెట్టింది. ట్రాకర్‌ను మొదటినుంచీ సొంత డొమైన్ కింద ఉంచుకుంటే ఈ పని సులువవుతుంది.

తప్పు లింకులు: పాత వ్యాఖ్యల్లో హాష్ గుర్తుతో 45 అని ఉంటే కొత్తచోట అది వేరే ఇష్యూకి అంటుకుంటుంది. దిగుమతికి ముందే వాటిని పాత ట్రాకర్ పూర్తి లింకులుగా మార్చాలి. ఎట్ గుర్తుతో ఉన్న పేర్లూ అంతే. వాటిని అలాగే వదిలితే సంబంధంలేని వందలమందికి నోటిఫికేషన్లు పోతాయి. ఆ గుర్తు తర్వాత ఖాళీ చోటు పెట్టండి, లేదా పేరును కోడ్ గుర్తుల మధ్య ఉంచండి.

రచయితలు: ఏపీఐ (స్క్రిప్టులు సైటుతో మాట్లాడే దారి) ద్వారా మామూలుగా ఎక్కిస్తే అన్నీ దిగుమతి చేసిన ఖాతా పేరునే పడతాయి. ప్రతి వ్యాఖ్య మొదట్లో అసలు రాసినవారి పేరు, తేదీ వచనంగా చేర్చండి. మెయిల్ చిరునామాలు మాత్రం తీసెయ్యండి. పాత బగ్‌జిల్లాలో లాగిన్ పేరే మెయిల్ చిరునామా, దాన్ని యథాతథంగా బహిరంగపరిస్తే స్పామర్లకు జాబితా అందించినట్టే.

వేగం: గిట్‌హబ్ ఏపీఐ లాగిన్‌తో గంటకు 5,000 విన్నపాలు తీసుకుంటుంది, కొత్తగా ఏదైనా సృష్టించేవి మాత్రం గంటకు 500 దగ్గర ఆపుతుంది. 4,000 ఇష్యూలు, 16,000 వ్యాఖ్యలు ఉంటే 20,000 సృష్టులు, అంటే కనీసం 40 గంటలు. మధ్యలో ఆగితే ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుంచుకుని అక్కడినుంచి మొదలయ్యేలా స్క్రిప్టు రాయండి. లేకపోతే సగం ఇష్యూలు రెండుసార్లు పడతాయి.

ఖాళీ రిపోలో కనీసం రెండుసార్లు పూర్తి రిహార్సల్ చేసి, ఎప్పటినుంచో ఉన్న సభ్యులకు చూపించండి. తమ పాత బగ్‌లు తెరిచి చూసి, చెడిన కోడ్ ముక్కలు, తెగిన బొమ్మలు వాళ్ళే పట్టేస్తారు. అసలు రోజున పాతదాన్ని ముందు చదవడానికి మాత్రమే మార్చి, ఆ తర్వాత చివరి కాపీ తీసుకోవాలి. ఈ వరుస తిరగబడితే మధ్యలో వచ్చిన వ్యాఖ్యలు గాలిలో కలుస్తాయి.

తొమ్మిదో అడుగు: కొత్త ఇంట్లో దిగిన రోజే బయటి తలుపు తెరిచి చూడండి

గూగుల్ కోడ్ మూసేస్తున్నట్టు 2015 మార్చిలో ప్రకటించారు. ఆగస్టులో రాయడం ఆగింది, 2016 జనవరిలో తలుపులు మూశారు. పట్టుమని పది నెలలు. మెయింటైనర్లు ఎవరూ పట్టించుకోని ప్రాజెక్టుల చరిత్రను కొత్తచోటికి తరలించేవాళ్ళే లేకపోయారు.

నెలకోసారి నడిచే బ్యాకప్ స్క్రిప్టు పెట్టండి. గిట్‌హబ్ ఏపీఐని ఇష్యూలు అడిగితే ఏమీ చెప్పనంతవరకు తెరిచి ఉన్నవే ఇస్తుంది. స్థితి "అన్నీ" అని స్పష్టంగా అడగాలి. ఇది తెలియక మూసిన బగ్గులు ఒక్కటీ లేని బ్యాకప్‌లు ఏళ్ళతరబడి తీస్తుంటారు. పేజీకి 30 మాత్రమే వస్తాయి, 100కు పెంచి, చివరి పేజీ దాకా వెళ్ళాలి. పుల్ రిక్వెస్టులూ అదే జాబితాలో కలిసి వస్తాయి, వాటిని గుర్తుపట్టి విడదియ్యాలి. వ్యాఖ్యలకు వేరే విన్నపం. బొమ్మలు, లాగ్ ఫైళ్ళు వ్యాఖ్యలో లింకులుగానే ఉంటాయి, వాటిని విడిగా దింపకపోతే బ్యాకప్‌లో చిరునామాలే మిగులుతాయి. గిట్‌ల్యాబ్‌లో ప్రాజెక్టు ఎక్స్‌పోర్ట్ ఫైలులో ఇష్యూలు, వ్యాఖ్యలు, అప్‌లోడ్లు కలిసి వస్తాయి. సొంత సర్వర్ అయితే డేటాబేస్ డంప్‌తో పాటు అటాచ్‌మెంట్ల ఫోల్డర్ కూడా తీస్తున్నారో లేదో చూసుకోండి, చాలామంది మరిచేది అదే.

తీసిన బ్యాకప్‌ను ఆరునెలలకోసారి ఒక ఖాళీ ఫోర్జిజోలోకో గిట్‌ల్యాబ్‌లోకో ఎక్కించి, ఏవైనా మూడు పాత ఇష్యూలు తెరవండి: ఒకటి స్క్రీన్‌షాట్ ఉన్నది, ఒకటి తెలుగులో రాసినది, ఒకటి యాభై వ్యాఖ్యలు దాటినది. మూడోదాంట్లో వ్యాఖ్యలు సరిగ్గా ముప్పై దగ్గర ఆగిపోయి కనిపిస్తే, స్క్రిప్టు మొదటి పేజీ దాటి వెళ్ళడం లేదని అర్థం. ఆ వరుస సరిచేసి, బ్యాకప్ మళ్ళీ మొదటినుంచి తియ్యండి.